కొంగు మీద విషం నత్త

మా పాప సముద్రపు జీవుల మీద చదువుతాంది. ధర్మవరంలో సముద్రం యాడుండాదప్పా అని నవ్వినోళ్లే అందరూ. మొన్న సెలవులకొచ్చినప్పుడు కోన్ నత్త ఫోటో చూపించింది. దాని గుల్ల మీద అచ్చం మన గోపురం అంచు మాదిరి ముక్కోణాలు. దాన్నే పట్టుచీర కొంగుకు నేసినా. ఈ రోజు షావుకారికి చూపిస్తే కొంగును నిమురుతానే ఉన్నాడు.

"ఎవరిదప్పా ఈ డిజైను?"

"సముద్రంలో నత్తదన్నా. మా పాప చూపించింది. అది కుడితే మనిషి బతికేది కష్టమంట."

టక్కున చెయ్యి తీసేసినాడు. మళ్లీ కొంగు చేతిలోకి తీసుకొని, "ఇట్లాంటివే ఇంకో నాలుగు నెయ్యి. విషం సంగతి మాత్రం కొనేవాళ్లకు చెప్పొద్దు" అన్నాడు.

చెప్పకుండా ఎట్లుంటా? మా పాప చదివేదే ఆ విషం గురించి. ఇప్పుడు మీకూ తెలిసిపోయింది. పెండ్లికి కట్టుకుంటారా మరి?