నేను తీసిన బోను గడియ

మార్కాపురం అవతల అడవి అంచున మా అత్తగారి ఊరు. అప్పటికి మేమింకా మద్రాసు రాష్ట్రం కిందే ఉన్నాం. ఆ ఏడు ఊళ్లో పశువులకు రోగం తగిలింది. నోరు పుండ్లయి, కళ్ల వెంట నీళ్లు కారి, నాలుగు రోజుల్లో పడిపోయేవి. మా మామ ఎద్దొకటి అట్లాగే పోయింది.

మద్రాసు నుంచి పశువుల డాక్టరు ఒకాయన వచ్చాడు. అడవి కోతులు దిగి వచ్చి మా దొడ్లో పశువుల తొట్టి నీళ్లే తాగేవి. ఈ రోగం వాటికీ ఉందేమో చూడాలని, ఆ దొడ్లోనే ఇనుప బోను పెట్టి, వేరుశనక్కాయలు ఎరవేసి మూడు కోతులను పట్టాడు. సూదితో నెత్తురు తీసి, గాజు గొట్టాల్లో పెట్టి, రైల్లో మద్రాసుకు పంపాడు. పది రోజులాగి మళ్లీ తీస్తేనే సంగతి తేలుతుందట. అందాకా బోను తెరవకూడదన్నాడు.

“ఆంజనేయసామికే సూది పొడిచినాడు, ఈయన యేమైపోతాడో!” అని మా అత్త రోజూ మెటికలు విరిచేది.

మా చేలో కూలికి వచ్చే ఒకాయనను డాక్టరు కావలి పెట్టాడు. పల్లెలో ప్రార్థన ఇంటికి వెళ్లే మనిషి, నెమ్మదస్తుడు. పది రోజులు సరిగ్గా కాస్తే మార్కాపురం పశువుల ఆసుపత్రిలో పని ఇప్పిస్తానని ఆయనకు మాటిచ్చాడు. నలుగురు పిల్లలు గలవాడు, ఆ మాట ఊరంతా చెప్పుకుని మురిసిపోయాడు.

“ఏందన్నా, కోతులకు నువ్వు కావలా, నీకు కోతులు కావలా?” అని నేను ఎగతాళి చేస్తే, “రెండూనమ్మా. నౌకరీ మాత్రం నాకే,” అని నవ్వేవాడు.

బోనులో ఉన్న వాటిలో ఒకటి తల్లి. దాని పిల్ల బయట ఉండిపోయింది.

ఆరో రోజు శనివారం. శనివారాలు మేం తినేముందు గోడ మీద కోతులకు ముద్ద పెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. నేను పెట్టిన ముద్దను ఆ పిల్ల ముట్టలేదు. ఊచలు పట్టుకుని ఒకటే అరుపు. నా కొడుక్కి అప్పుడు ఐదో నెల. ఆ అరుపుకు నాకు పాలు చేపి రవిక తడిసిపోయింది.

“అన్నా, పొద్దెక్కింది. పోయి సంగటి తిని రాపో. నేను చూస్తుంటాలే,” అన్నాను.

“డాక్టరు దొర వస్తేనో, చిన్నమ్మా?”

“నేనుండా గదా. నా మీద నమ్మకం లేదా ఏంది?”

“అయ్యో, అంత మాటెందుకమ్మా,” అని తువ్వాలు దులుపుకుని వెళ్లాడు. ఆయన సందు తిరగగానే గడియ తీసేశాను.

డాక్టరు వచ్చేసరికి బోను ఖాళీ. ఊరంతా గుమిగూడింది. ఎట్లా జరిగిందని అడిగితే కావలి ఆయన తలుపు దిక్కు చూశాడు. బిడ్డనెత్తుకుని అక్కడ నిలబడింది నేను. తల దించుకున్నాను.

“కునుకు పట్టింది దొరా,” అన్నాడాయన.

నా పేరు చెబితే నా కాపురం ఏమవుతుందో అని ఊరుకున్నాడో, చెప్పినా ఎవరూ నమ్మరని ఊరుకున్నాడో, నేనెప్పుడూ అడగలేదు. డాక్టరు బోను బండికెత్తించుకుని వెళ్లిపోయాడు. నౌకరీ మాట ఆయనతోటే పోయింది. ఆ రోగం కోతులకు ఉందో లేదో మా ఊరికి తెలియనే లేదు.

నెల తర్వాత చేటలో జొన్నలు పోసుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆయన గిద్దలూరు దిక్కు రాళ్లు కొట్టే పనికి పోయాడు. భార్య గడపలో ఉంది.

“గడియ తీసింది నేనే వదినా.”

“తెలుసమ్మా. ఆ పొద్దే చెప్పినాడు.”

“డాక్టరుంటే ఆయనతో చెప్పేదాన్ని...”

“డాక్టరెందుకు? మీ మామ మా ఇంటాయన్ను నిద్రమొగమోడని ఊరంతా చాటినాడు. ఇప్పుడు పనికి పిలిచేవాళ్లే లేరు. మీ మామొక్కడికి చెప్పు, చాలు. ఈ జొన్నలు తీసుకపో.”

సరేనన్నాను. ఇంటికొచ్చేసరికి మామ అరుగు మీద పగ్గం పేనుతున్నాడు.

“చేట ఎత్తుకోని యాడికి పోయినావమ్మాయ్?”

“జొన్నలు చెరిగించుకొద్దామని పోయినా మామా,” అన్నాను.

మామ ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికాడు. కోతలకు కూలీలను పిలిచేటప్పుడల్లా, “ఆ నిద్రమొగమోడొద్దు,” అనేవాడు. వచ్చినవాళ్లకు మజ్జిగ పోస్తూ నేను వినేదాన్ని.