పసుపు పూసిన ఫ్లాపీలు

బడులకు తాళాలు పడి, చదువుకునే పిల్లలంతా జై తెలంగాణ అంటూ రోడ్లెక్కిన అరవై తొమ్మిదిలో పుట్టాడు రాజం. బడి మూసిన యేడు పుట్టినవాడికి చదువేం అబ్బుతుందని పెద్దపల్లి పక్కనున్న ఆ ఊళ్ళో కొందరు వేళాకోళం ఆడారు. అబ్బింది. ఆ ఊళ్ళో అంతకుముందు ఎవరికీ అబ్బనంత అబ్బింది. తండ్రి అంతయ్య రైసుమిల్లులో బస్తాలు మోసేవాడు. రాజానికి తొమ్మిదేళ్ళప్పుడు కామెర్లొచ్చి పోయాడు. దినాలు కాగానే తల్లి ఐలవ్వ బీడీల చాట ఒళ్ళో పెట్టుకుంది. పొద్దంతా తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, కొడుకును కరీంనగర్ కాలేజీ దాటించి హైదరాబాదులో ఎం.టెక్. దాకా తీసుకుపోయింది.

నీ కొడుకు ఏం చదువుతున్నాడని ఎవరైనా అడిగితే, కంప్యూటర్లకు కావలుండే చదువని చెప్పేది. అందులో తప్పేమీ లేదు. రాజం ప్రొఫెసరు గంటసేపు నల్లబల్ల మీద గీసి చెప్పే సంగతిని ఆమె ఒక్క మాటలో తేల్చేసేది. రాజం రాస్తున్న థీసిస్ అచ్చంగా అదే. యూనివర్సిటీ కంప్యూటరు మీద పనిచేసేవాళ్ళలో ఎవరు ఏ వేళకు వస్తారో, ఏ ఫైళ్ళు తెరుస్తారో, ఎంతసేపు ఉంటారో ఎనిమిది నెలలపాటు నమోదు చేశాడు. ఒకరి పేరుతో ఇంకొకరు దొంగతనంగా లోపలికి వస్తే పసిగట్టే ప్రోగ్రాము ఆ లెక్కల మీద కట్టాడు. థీసిస్ చేరితే పట్టా, పట్టా వస్తే హైదరాబాదులోనే ఒక పరిశోధన సంస్థలో ఉద్యోగం. ఆ ఉద్యోగం కాగితం అప్పటికే చేతిలో ఉంది. ఐలవ్వ చాట దించే రోజు దగ్గరపడిందని అతను లోలోపల మురిసిపోయేవాడు.

చేసిన పనంతా పన్నెండు ఫ్లాపీలలో ఉండేది. ఇప్పటి పిల్లలు వాటిని చూసి ఉండరు. నల్లటి పలచటి చదరపు అట్ట, అందులో చిన్న సందు. ఆ సందులోంచి గోధుమరంగు పళ్ళెం కనిపిస్తుంది. రాసినదంతా ఆ పళ్ళెం మీదే. అన్నీ ఒకేచోట పెట్టుకోవద్దని ప్రొఫెసరు నెత్తీనోరూ కొట్టుకుని చెప్పేవాడు కాబట్టి రాజం రెండు జతలు చేశాడు. ఒకటి తన దగ్గర ఉంచుకున్నాడు. హాస్టల్లో గడియారాలు, చెప్పులు కూడా మాయమవుతుండేవి. అందుకని రెండో జతను తొంభైమూడు వినాయక చవితికి ఊరికి తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు. ఐలవ్వ జన్మలో సూది కూడా పోగొట్టుకున్న మనిషి కాదు.

"అవ్వా, రైతుకు నాగలెట్లనో నాకు ఇవి గట్ల. నా బతుకంత గిండ్లనే ఉన్నది. ఎవ్వల్ని ముట్టనియ్యకు" అన్నాడు.

ఎండలో పెట్టొద్దన్నాడు, మడతపెట్టొద్దన్నాడు, మీద బరువు పెట్టొద్దన్నాడు. నీళ్ళ సంగతి మాత్రం చెప్పలేదు. ఇనుప పెట్టెలో ఉన్నవాటి మీద నీళ్ళెందుకు పడతాయని అతని ధీమా. ఐలవ్వ పెట్టెకు తాళం వేసి తాళంచెవిని కొంగుకు ముడేసుకుంది.

దసరాకు రాజం ఊరికి రాలేకపోయాడు. థీసిస్ ఇవ్వడానికి ఇంకో పదిహేను రోజులే ఉంది, పైగా అది ఒకసారి పొడిగించిన గడువు. సెలవుల్లో ల్యాబులో అతనూ, రూమ్మేటు హనుమండ్లూ ఇద్దరే ఉండేవారు. హుస్నాబాద్ నుంచి వచ్చిన హనుమండ్లు మంచివాడే కానీ కుదురుగా కూర్చోలేడు. ఎక్కడో సంపాదించిన ఆటల ఫ్లాపీ ఒకటి తెచ్చి కంప్యూటర్లో పెట్టాడు. ఆటతోపాటు వైరసూ దిగింది. కంప్యూటర్లో ఉన్నదంతా పోయింది, సంగతి తెలిసేలోపు అందులోనే ఒక్కొక్కటిగా పెట్టి వాడుతున్న రాజం ఫ్లాపీలు పన్నెండూ పాడయ్యాయి. కంప్యూటర్లకు కావలి చదివేవాళ్ళ ల్యాబులోనే ఈ ముచ్చట జరిగింది, ఎవరికి చెప్పుకుంటే మాత్రం ఏం లాభం. హనుమండ్లు ఏడుపు మొహం పెట్టాడు. రాజమే అతన్ని క్యాంటీనుకు తీసుకుపోయి చాయ్ తాగించాడు.

"ఫికర్ చెయ్యకు. ఇంకో జత మా అవ్వ దగ్గరున్నది" అన్నాడు.

పండగైన రెండో రోజు రైలెక్కి పెద్దపల్లిలో దిగి, అక్కడి నుంచి ఊరికి నడిచాడు. కొడుకును చూడగానే ఐలవ్వ మొహం విప్పారింది. అతను అడగకముందే కొంగు ముడి విప్పి పెట్టె తెరిచింది. పన్నెండు ఫ్లాపీలూ కొత్త తువ్వాల మీద వరసగా ఉన్నాయి. ఒక్కోదానికీ ఒళ్ళంతా పసుపు, సరిగ్గా ఆ సందు మీద గుండ్రంగా కుంకుమ బొట్టు. బొట్టు తడికి అంటుకున్న రెండు మూడు అక్షింతలు. పైన జమ్మి ఆకు.

దసరానాడు ఆ ఊళ్ళో పనిముట్లకు పూజ చేయని ఇల్లు ఉండదు. నాగలి కడుగుతారు, గొడ్డలి కడుగుతారు, కుట్టుమిషను తుడుస్తారు, పసుపు పూసి బొట్లు పెడతారు. ఐలవ్వ తన కత్తెరకూ, చాటకూ పెట్టింది. కొడుకు ఇవే నా నాగలి అన్నాడు కదా, వాటిని మాత్రం ఎట్లా వదిలేస్తుంది? కాగితం తొడుగులు తీసి, తడిబట్టతో ముందూ వెనకా తుడిచి, పసుపు రాసింది.

"నీకు తీరకపాయె. నేనే మొక్కిన బిడ్డా. ఒక్కటి గూడ ఇడువలే" అంది.

రాజం ఒక ఫ్లాపీ తీసి వెలుతురుకు పట్టి చూశాడు. గోధుమరంగు పళ్ళెం మీద పసుపునీళ్ళు చారలు కట్టి ఎండిపోయి ఉన్నాయి. తల్లి అతని మొహంలోకే చూస్తోంది, మెచ్చుకుంటాడని. ఏళ్ళ తరబడి ఆకు కోసి మొద్దుబారిన ఆ వేళ్ళకు ఇంకా పసుపు ఉంది.

"మంచిగ చేసినవవ్వా" అన్నాడు.

ఆమె వడ్డించింది తిన్నాడు. మిగిలిన గారెలు మూటగట్టి ఇస్తే తీసుకున్నాడు.

హైదరాబాదులో హనుమండ్లూ అతనూ రెండు రోజులు తిప్పలు పడ్డారు. అట్టలు కోసి, పళ్ళేలను బయటికి తీసి, మెత్తగా కడిగి ఆరబెట్టి, కొత్త అట్టల్లో దూర్చి చూశారు. పన్నెండింటిలో రెండు మాత్రం చదవగలిగారు. ఆ రెండింటిలోనూ ఎనిమిది నెలల నమోదు లేదు. అది లేకుండా ప్రోగ్రాము పనిచేస్తుందని చూపించడానికి ఏమీ లేదు.

ఇంకోసారి గడువు కావాలంటే కారణం రాసివ్వాలన్నారు. కాగితం ముందు పెట్టుకుని రాజం చాలాసేపు కూర్చున్నాడు. ఉన్నదున్నట్టు రాస్తే ఆ ఫైలు నలుగురి చేతుల్లో తిరుగుతుంది, నలుగురూ నవ్వుకుంటారు, నవ్వేది ఐలవ్వను చూసి. నా అజాగ్రత్త వల్ల పోయిందని రాసి సంతకం పెట్టాడు. భద్రత మీద థీసిస్ రాసేవాడు అజాగ్రత్త అని రాసిస్తే గడువెవరిస్తారు? ఇవ్వలేదు. ఫెలోషిప్ ఆగిపోయింది, ఉద్యోగం కాగితం రద్దయింది. మళ్ళీ ఫీజు కట్టి మొదటి నుంచి చేసుకోవచ్చన్నారు. అందుకు తల్లి ఇంకో రెండేళ్ళు చాట ముందు కూర్చోవాలి. అప్పటికే ఆమెను తంబాకు దగ్గు పట్టుకుంది. అతనికి మనసొప్పలేదు.

కరీంనగర్‌లో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలకు టైపింగ్ నేర్పే పనిలో కుదిరి, ఊరి నుంచే రోజూ పోయి రాసాగాడు. చదువు అయిపోయింది, కొలువు దొరికిందని తల్లికి చెప్పాడు. ఐలవ్వ చాట దించింది. కొండగట్టు ఆంజనేయుడి గుడికి పోయి మొక్కు తీర్చుకుని, కొబ్బరిముక్కలు ఊరంతా పంచి, అంజన్న తన పూజ విన్నాడని చెప్పుకుంది. అప్పటి నుంచి ప్రతి దసరాకూ, నీ పనిముట్లు తేలేదా అని అడిగేది. రాజం ఇన్‌స్టిట్యూట్‌లో పారేసే పాడైన ఫ్లాపీలు పన్నెండు ఏరి తెచ్చి ఇచ్చేవాడు. ఆమె కడిగి, పసుపు పూసి, కళ్ళు మూసుకుని మొక్కేది. ఆ నిమిషం అక్కడ నిలబడలేక అతను వాకిట్లోకి పోయేవాడు. ఆరు దసరాలు ఇట్లాగే గడిచాయి.

తొంభైతొమ్మిదిలో పండగ మర్నాడు హనుమండ్లు చుట్టపుచూపుగా వచ్చాడు. పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు, మనిషి కుదుటపడ్డాడు. ఐలవ్వ చాయ్ ఇచ్చి, దేవుని గూట్లో ఉన్న ఫ్లాపీలు చూపించి, వీటికి మొక్కినందుకే తన కొడుకు నిలబడ్డాడని మురుస్తూ చెప్పింది. ఇంట్లో తెలిసే ఉంటుందనుకున్నాడు పాపం హనుమండ్లు. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"తప్పు నాది గూడ ఉండె అవ్వా. నా ఆటతోని ఒక జత పాయె, నీ పసుపుతోని ఇంకో జత పాయె. గట్ల వాని పట్టా పాయె" అన్నాడు.

రాజం వారించేలోపే మాట బయటపడిపోయింది. ఐలవ్వ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. హనుమండ్లు నాలుక కరుచుకుని, చాయ్ సగం వదిలేసి లేచాడు. అతను పోయాక ఆమె గూటి దగ్గరే కూలబడింది.

"గప్పుడే నన్ను తిట్టినుంటే రెండు దినాలు ఏడ్సి ఊకుందును గద బిడ్డా. ఆరేండ్ల సంది నాతోని ఉత్త అట్టలకు మొక్కిచ్చినవు."

ఆమెను బాధపెట్టకూడదనే చేశానని చెప్పబోయాడు. ఆ మాట తనకే సిగ్గనిపించి ఆగిపోయాడు. ఆమే అడిగింది, తను మళ్ళీ బీడీలు చేస్తే, అతను పోయి రాస్తే, ఇప్పుడు తీసుకుంటారా అని.

"తీసుకోరవ్వా. గా పని గిప్పుడు వేరేటోళ్ళు చేసిండ్రు" అన్నాడు రాజం. ఆ సంగతిలో అతను తల్లికి చెప్పిన మొదటి నిజం అదే. ఇద్దరూ ఏడ్చారు. ఎవరూ ఎవరినీ ఓదార్చలేదు.

మర్నాడు పొద్దున రాజం పనికి పోవడానికి తయారవుతుంటే, దండెం మీది అతని మాసిన అంగీ దగ్గర ఐలవ్వ నిలబడి ఉంది. రోజూ తనే తీసి ఉతికే మనిషి. ఇవాళ చేతులు రెండూ కొంగులో దాచుకుని అడిగింది.

"ముట్టొచ్చునా బిడ్డా?"

ముట్టమన్నాడు. ఆ తర్వాత బతికిన నాలుగేళ్ళూ, అతని వస్తువు ఏది తీయాలన్నా ఆమె ముందుగా అట్లాగే అడిగేది.