గుప్పెడు మిర్చి, రెండు వ్యాసాలు

ఫిబ్రవరి చివర్లో వరంగల్ మార్కెట్ రోడ్డు మీద ఆటోలో పోతుంటే మిర్చి సీజన్ వచ్చిందని ముక్కే ముందు చెప్పేస్తుంది. ఈసారీ అంతే అయింది. ముందు పోతున్న ట్రాలీ నిండా బస్తాలు, ఆ ఘాటు గొంతులోకి దిగి నాకు ఆగకుండా తుమ్ములు. ఆటో అతను అద్దంలో నన్ను చూసి, "మేడంది ఈ ఊరు కానట్టున్నది" అన్నాడు. ఒళ్ళు మండింది నాకు. అడ్తి వ్యాపారి ఇంట్లో పుట్టి, మిర్చి బస్తాల మధ్య దాగుడుమూతలు ఆడుకుంటూ పెరిగినదాన్ని పట్టుకొని అనాల్సిన మాటేనా అది! "ఈ ఊరే నాయనా, అలవాటు తప్పింది" అని కళ్ళు తుడుచుకొని, ఒళ్ళో ఉన్న కాగితాల కట్ట విప్పాను. మా డిగ్రీ పిల్లలు రాసిన వ్యాసాలు. మొదటిదాంట్లో మొదటి వాక్యం, 'ప్రకృతి మానవునికి తల్లి వంటిది.' రెండోదాంట్లోనూ అదే. ఫోనులోంచి దించారన్నమాట. తుమ్ముతూనే నవ్వాను. ఈ వాక్యాన్ని మా సుగుణ టీచర్ చూసి ఉంటే ఏమనేదో నాకు బాగా తెలుసు.

ఆమె రోజూ స్టేషన్ ఘన్‌పూర్ నుంచి పొద్దుటి ప్యాసింజర్‌లో వచ్చేది. సన్నగా, పొడుగ్గా ఉండేది. నడక మాత్రం ఎప్పుడూ రైలు తప్పిపోతుందన్నట్టుగా ఉండేది. మా బడి మార్కెట్ వెనక సందులో ఉండేది. వ్యాపారులంతా కలిసి పెట్టిన తెలుగు మీడియం బడి, వాళ్ళదే కమిటీ. తొమ్మిదో తరగతిలో ఆమె మాకు తెలుగు చెప్పింది. మా వ్యాసాలు ఆమె ఇంట్లో దిద్దేది కాదు, రైల్లో దిద్దేది. అందుకే ఆ ఎర్ర గీతలు ఒక్కోచోట ఎగిరి పక్క వాక్యం మీద పడేవి. దిద్దడం ఒక్కటే అయితే బాగుండేది, పక్కన కూర్చున్నవాళ్ళకు పైకి చదివి వినిపించేది కూడా. వాళ్ళు అడిగినవి అంచున రాసి తెచ్చేది. 'పాలమ్మే అవ్వ అడిగింది, ఈ పిల్లకు వాన అంటే అంత ఇష్టమైతే గొడుగు ఎందుకు పట్టుకున్నది?' నా వ్యాసం పక్కన అలా ఉండేసరికి సిగ్గుతో చచ్చిపోయాను. కాని ఆ తర్వాత ఏది రాసినా, ఎదురు సీట్లో ఆ అవ్వ కూర్చొని వింటున్నట్టే ఉండేది.

ఒకసారి ప్రకృతి మీద రాయమంది. క్లాసు క్లాసంతా గైడు చూసి తల్లి వంటిదని రాశాం. ఆమె కాగితాలన్నీ బల్ల మీద పెట్టి, "నలభై మందికి ఒక్కతే తల్లా? మంచిగనే ఉన్నది" అంది. తర్వాత అందరినీ బయటికి తోలింది. గంట కొట్టేదాకా ఆవరణలో ఎక్కడన్నా ఒక్కచోట కూర్చోవాలి, కంటితో చూసిందే రాయాలి, చూడనిది ఒక్క ముక్క కూడా రాయకూడదు. మేం ఎండలో కూర్చొని ఆమెను తిట్టుకున్నాం. మా క్లాసులో రమేశ్ అని ఒకడుండేవాడు, ఎప్పుడూ చివరి మార్కులే వాడివి. 'ఏమీ కాలేదు. ఒక కాకి వచ్చింది. నన్ను చూసింది. నా దగ్గర ఏమీ లేదని తెలిసి వెళ్ళిపోయింది' అని రాశాడు. ఆ రోజు అందరికంటే ఎక్కువ మార్కులు వాడికే. రమేశ్ గాడు తన కాగితాన్ని వారం రోజులు జేబులో పెట్టుకొని తిరిగాడు పాపం.

ఇంకోసారి పాఠంలో వేటగాడి కథ. పిల్లలున్న లేడి బతిమాలుకుంటే వేటగాడు జాలిపడి వదిలేస్తాడు. వేటగాడి దయాగుణం గురించి పేజీలు పేజీలు నింపాం. టీచర్ అన్నీ చదివి వచ్చి నెమ్మదిగా అడిగింది, "ఆ రాత్రి వేటగాని పిల్లలు ఏం తిన్నరు? ఎవ్వరన్న రాసిండ్రా?" ఎవరమూ రాయలేదు. వాళ్ళు మాకు తోచనే లేదు. "తప్పు ఒప్పు సంగతి తర్వాత చూద్దాం బిడ్డా. ముందుగాల కథల ఎవలెవలున్నరో లెక్కవెట్టుకోవాలె. ఒక్కలు తప్పిపోయినా తీర్పు తప్పుతది" అంది. నేను ఆ రాత్రి అన్నం ముందు కూర్చొని ఆ పిల్లల గురించే ఆలోచించాను. అమ్మ నా నుదురు పట్టి చూసి, జ్వరమేమో అనుకుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. బతుకులో కళ్ళారా చూసిన ఒక న్యాయాన్యాయం మీద రాయమని చెప్పి, టీచర్ దానికొక షరతు పెట్టింది. ఎవరి గురించి రాస్తామో వాళ్ళకే ముందు చదివి వినిపించాలి. వాళ్ళు విన్నాకే అది బడికి రావాలి. క్లాసులో సగం మంది అక్కడికక్కడే సూర్యుడి మీదా చంద్రుడి మీదా రాస్తామన్నారు. నేను మాత్రం మా బాపు గురించి రాశాను. మా బాపుది మార్కెట్లో అడ్తి, అంటే రైతుల సరుకును ఖరీదుదారులకు అమ్మించే దుకాణం. మిర్చి వచ్చినప్పుడు ఖరీదుదారులు ఒక్కొక్కరే బస్తాలోకి చెయ్యి దూర్చి గుప్పెడు కాయలు తీస్తారు. విరిచి చూస్తారు, వాసన చూస్తారు, పక్కన పడేస్తారు. అలా ఎంతమంది చూస్తే అన్ని గుప్పిళ్ళు. ఆ కాయలు మళ్ళీ బస్తాలోకి పోవు. అన్నీ ఊడ్చి ఒక మూలకు పోస్తే అవి అడ్తివి. అది మామూలు. బాపు వాటిని ఇంటికి తెచ్చేవాడు కాదు, అమ్మి వచ్చినదంతా వినాయక చవితి పందిరికి చందా ఇచ్చేవాడు. దాని మీద ఆయనకు చాలా గర్వం. ఒకరోజు నేను అన్నం క్యారియర్ పట్టుకొని పోయినప్పుడు, ఒక రైతుబిడ్డ తన బస్తా పక్కన పడ్డ కాయల్ని ఏరి కొంగులో వేసుకుంటోంది. హమాలీ ఒకడు "అవి నీయి గావు, ఇడ్సిపెట్టు" అని కసిరాడు. ఆమె గబుక్కున కొంగు దులిపేసింది, దొంగతనం చేసి దొరికిపోయినట్టు. తన పొలంలో కాసిన కాయలే అవి. నేను అదే రాశాను. దేవుడి పందిరి మీద మెరిసే దీపాల్లో ఆమె కొంగులోంచి పడిన కాయలు ఉన్నాయని రాశాను.

ఆదివారం మధ్యాహ్నం బాపు తిని, తాంబూలం వేసుకొని మంచి ఖుషీగా ఉన్నాడు. "బాపూ, నీ గురించి వ్యాసం రాసిన. ముందుగాల నీకే సదివి ఇనిపియ్యాలట" అన్నాను. ఆయన మొహం విప్పారిపోయింది. "నా గురించా? ఏమేవ్, ఇటు రా, బిడ్డ నా గురించి రాసిందట!" అని అమ్మను కూడా పిలిచాడు. కాగితం విప్పాను. చదివాను. మధ్యలో అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాపు మాత్రం కదలకుండా చివరిదాకా విన్నాడు. విని, నోట్లో తాంబూలం ఊసి వచ్చి అడిగాడు.

"గిది బడిల సదువుతవా?"

"సదవాలె బాపూ."

"నలుగురిల నా ఇజ్జత్ తీస్తవన్నట్టు! గా మేడం నేర్పిందా?"

ఆ సాయంత్రమే ఆయన కమిటీలో ఉన్న ఇద్దరు సేట్లకు చెప్పాడు. వచ్చే ఆదివారం కమిటీ కూర్చుంటుందనీ, టీచర్‌ను తీసేస్తారనీ అమ్మ ద్వారా నాకు తెలిసింది. నన్ను కూడా వేరే బడిలో వేస్తారట. టీచర్ భర్త పోయిన మనిషి, ఆ జీతం మీదే ఇద్దరు మేనకోడళ్ళను చదివిస్తోంది. నాకు ఏడుపు ఆగలేదు. సోమవారం బాపు నన్ను స్కూటర్ మీద కూర్చోబెట్టుకొని నేరుగా స్టాఫ్‌రూమ్‌కే వచ్చాడు.

"సదువు చెప్పుమంటే తండ్రుల మీద పంచాయితీలు పెట్టిస్తున్నరా మేడం?"

టీచర్ కుర్చీ జరిపి, "కూసోండి సేటూ. బిడ్డ రాసిన దాంట్ల అబద్ధం ఏమన్న ఉన్నదా?" అంది.

"అబద్ధమని నేనన్నానా? సగమే రాసింది. బస్తా పైన ఎండు కాయ పెట్టి అడుగున తడి కాయ నింపి తెస్తరు కొందరు. చెయ్యి పెట్టి చూడకుంటే మా గతేంది? అది రాయలే. పైస నేను తినలే, దేవునికిచ్చిన. అది రాసింది గని ఎక్కిరించినట్టు రాసింది."

"నిజమే. ఆ సగం ఎవ్వలు రాయలే. మీరు రాసియ్యుండ్రి. శనివారం రెండు వ్యాసాలూ క్లాసుల సదువుకుందాం. అప్పటిదాంక మీ బిడ్డది ఎవ్వలకు సదివియ్య."

బాపు నా వంక చూశాడు. "నేను ఏడు దాంకనే సదివిన" అన్నాడు. "రైల్ల నాకు ప్రశ్నలు అడిగేటోళ్ళు అదిగూడ సదువుకోలే. జర ఓపిక పట్టి రాయుండ్రి" అంది టీచర్.

ఇక ఆ వారం మా ఇంట్లో జరిగిన భాగోతం చూడాలి. బాపు దుకాణం నుంచి రాగానే తెల్లకాగితం ముందు కూర్చునేవాడు. మొదటిసారి రాసింది కలెక్టరుకు దరఖాస్తులా ఉంది. రెండోసారి రాసింది రైతుల మీద తిట్ల దండకం, దాన్ని తానే చింపేశాడు. "టీవీ బంజేయుండ్రి, నేను రాస్తాన్న!" అని అరిస్తే అమ్మా నేనూ వంటింట్లోకి పోయి నవ్వుకునేవాళ్ళం. ఒకరాత్రి మాత్రం పెన్ను పక్కన పెట్టి, "మా నాయిన గూడ గిట్లనే ఆ కాయ తీసుకున్నడు, ఆయన నాయిన గూడ. ఎందుకని నేను ఎన్నడు అడగలే" అన్నాడు, తనతో తానే. నాకు ఆయన మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో!

శనివారం ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకొని వచ్చాడు. ముందు నేను చదివాను, తర్వాత ఆయన. బాగా రాశాడు. తడి కాయ కలిసిన బస్తా వల్ల ఖరీదుదారుతో మాటపడ్డ సంగతి, చెయ్యి పెట్టి చూడటం మోసం కాదన్న సంగతి, పందిరిలో అన్నం తినే పేదవాళ్ళ సంగతి, అన్నీ ఉన్నాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. అప్పుడు స్వరూప లేచింది. హాస్టల్లో ఉండి చదువుకునే పల్లెటూరి పిల్ల, వాళ్ళ నాయిన మిర్చి పండిస్తాడు. "సేటూ, గా చందా రశీదు మీద ఎవ్వల పేరు రాస్తరు?" అని అడిగింది. ఎగతాళి ఏమీ లేదు, తెలుసుకోవాలనే అడిగింది.

బాపు తన కాగితం మడిచాడు. తర్వాత, "నాదే బిడ్డా" అన్నాడు. "కాయ మీది, పేరు నాది. గిది నాకు తోచలే."

టీచర్ అక్కడే రెండు కాగితాల మీదా మార్కులు వేసింది. బాపు తనది చూసుకొని, "పదికి ఆరేనా మేడం?" అన్నాడు చిన్నబుచ్చుకొని. "తీసి చూసుడు తప్పుగాదని మంచిగ రాసిండ్రు. చూసినంక ఆ కాయ ఎటు పోవాలెనో రాయలే" అంది ఆమె. "మరి నా బిడ్డకు?" అన్నాడు. "ఆమెకూ ఆరే. మీ సగం అడగకుంటనే రాసింది." దానికి బాపు కొంచెం శాంతించాడు.

ఆదివారం కమిటీ కూర్చుంది, బాపును కూడా పిలిచారు. మిగతా సేట్లు మాట మీదే ఉన్నారు. ఇవాళ ఒక అడ్తి మీద రాయించింది, రేపు మా దుకాణాల మీద రాయిస్తుంది, పంపించేద్దాం అన్నారు. మంట పెట్టింది నువ్వే, మొదటి సంతకం నువ్వే పెట్టు అని కాగితం బాపు ముందుకు జరిపారట. బాపు పెన్ను ముట్టుకోలేదు. "ఆ మేడం నాకు ఆరు మార్కులేసింది. మిగిలిన నాలుగు వసూలు చేసుకునేదాంక ఆమెను ఎటూ పోనియ్య" అన్నాడట. ముందు ఒకాయన నవ్వాడు, తర్వాత అందరూ నవ్వారు. ఆ మాట అక్కడితో ఆగిపోయింది. తర్వాత సోమవారం మా అడ్తిలో కాంటా పక్కన ఒక గంప వచ్చింది. చూసిన కాయలు ఏ రైతువి ఆ రైతు బస్తాలోకే, తూకానికి ముందే పోయాలి. చుట్టుపక్కల అడ్తిల్లో పాత పద్ధతే నడిచింది. బాపుకు 'వ్యాసం సేటు' అని పేరు పడింది. కోపం నటించేవాడు గాని, ఆ పేరుతో పిలిస్తే తలెత్తి పలికేవాడు. ఆ ఏడు చందా సొంత జేబులోంచి ఇచ్చాడు, కాస్త తక్కువే. టీచర్ మాత్రం రిటైరయ్యేదాకా అదే రైల్లో వచ్చింది.

నేను ఇప్పుడు హనుమకొండలో తెలుగు చెబుతున్నాను. ఆటోలో చూసిన ఆ తల్లి వ్యాసాలన్నీ పిల్లలకు తిరిగి ఇచ్చేసి, కళ్ళారా చూసిన న్యాయాన్యాయం మీద రాయమని చెప్పి, టీచర్ షరతు కూడా పెట్టాను. ఫోను ఎవరి గురించైనా రాయగలదేమో గాని, వాళ్ళ ఎదుట కూర్చొని చదవలేదు కదా. నాలుగు రోజుల తర్వాత కవిత అనే అమ్మాయి స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడింది. ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చొని నోరు విప్పని పిల్ల. చేతిలో కాగితం ఉంది. "మేడం, మీ గురించి రాసిన. మీకే ముందు సదవాలె గద" అంది. కుర్చీ చూపించాను. మొదటి వాక్యానికే నా చెవులు వేడెక్కాయి. క్లాసులో పల్లె పిల్లలు మాట్లాడుతుంటే నేను మధ్యలోనే వాళ్ళ మాట దిద్దుతానట. దిద్దాక వాళ్ళు చెప్పాలనుకున్నది మర్చిపోయి కూర్చుంటారట. తాను మూడుసార్లు చెయ్యెత్తి దించేసుకుందట. 'సగమే రాశావు' అందామనుకున్నాను. దానికి ముందు, ఆమె చదివిన ఒక మాట దిద్దడానికి నోరు తెరిచాను కూడా. కవిత అది చూసి ఆగిపోయింది. నోరు మూసుకొని, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

"సదువు బిడ్డా" అన్నాను. "మొత్తం సదువు."