ఇరవై రెండు రేకుల తెరలు

అహ్వాజ్‌లో దుమ్ము ఎవరినీ అడిగి లోపలికి రాదు. కిటికీ మూస్తే తలుపు కింద నుంచి వస్తుంది. తలుపు కింద గుడ్డ కుక్కితే తాళం కన్నంలోంచి వస్తుంది. చలికాలంలో చెరకు తోటలు తగలబెట్టినప్పుడు నల్లటి బూడిద పొరలు కూడా ఎగిరొచ్చి, కిటికీ లోపల వేలాడే, తాడు లాగితే తెరుచుకునే అల్యూమినియం రేకుల తెరల మీద కాపురం పెడతాయి. వంటింటి తెర సంగతి చెప్పనే అక్కర్లేదు. చేపల వేపుడు జిడ్డు, ఉల్లిపాయల పొగ, దిష్టి తీసినప్పుడు వేసే గింజల పొగ, అన్నీ ఒకదానిమీద ఒకటి పేరుకుని ఏడాది తిరిగేసరికి దాని అసలు రంగేమిటో కొన్నవాళ్లు కూడా మర్చిపోతారు.

తూరాన్ ఖానమ్‌కు ఈ దుమ్ముతో యాభై ఎనిమిదేళ్ల పరిచయం. దానిమీద ఆమెకు పెద్దగా కోపం లేదు. దుమ్ముకు నోరుండదు. ఆమెకు పడనివన్నీ నోరున్నవే. వాటిలో మొదటిది ఆమె మొగుడు ఖోదాదాద్.

ఆమె ఇరవై ఏడేళ్లు ఆసుపత్రి బట్టలు ఉతికే గదిలో పనిచేసింది. రక్తానికి చన్నీళ్లని, మందుల మరకకు వేరే వైద్యమని ఆమెకెవరూ నేర్పలేదు. పాడుచేసి నేర్చుకుంది, నేర్చుకున్నాక పాడుచెయ్యలేదు. ఒకసారి ఆపరేషన్ గదికి వెళ్లాల్సిన దుప్పటి మీద ఆవగింజంత మచ్చ కనబడితే వెనక్కి లాక్కుంది. పెద్ద సర్జన్ స్వయంగా దిగొచ్చి కేకలేశాడు. "మీ అరుపులకు ఈ మచ్చ పోయేటట్టయితే ఇంకొంచెం గట్టిగా అరవండి డాక్టర్‌గారూ, నాకు సబ్బు మిగుల్తుంది" అంది. ఆయన పావుగంట నిలబడ్డాడు. శుభ్రమైన దుప్పటి తీసుకుని వెళ్లాడు. ఆ తర్వాత ఆ గదిలోకి వచ్చినప్పుడల్లా ముందు తలుపు తట్టేవాడు.

ఖోదాదాద్ రేవు పట్నం అబాదాన్ మనిషి, గొప్పలకు పేరుపడ్డ ఊరది. ఇంట్లో కూడా నల్ల కళ్లద్దాలు తీయడు. రేవు గిడ్డంగిలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు గాని, అతని కథల్లో ఓడలన్నీ అతను వేలెత్తి చూపితేనే రేవులోకి వచ్చేవి. కారూన్ నదిని తన తాత టీ చెంచాతో తవ్వాడని ఒకసారి పెళ్లివిందులో చెప్పాడు. ఎవరో నవ్వితే, "నవ్వకండి, ఆ చెంచా ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది" అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. నోటికి కుళాయి బిగించడమే దేవుడు మర్చిపోయాడు.

ఆ ఏడు తూరాన్‌కు ఒక్కటే కోరిక. కొండల్లో దోరూద్‌లో ఉన్న అక్క కోకబ్ పక్కన కూచుని కొత్త సంవత్సరం మారే క్షణం చూడాలి. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో ఒక్కసారి కుదరలేదు. ఏటా పండగకు ఇల్లు దులపడం చివరి నిమిషం దాకా సాగుతుంది. ఆ తర్వాత ఖోదాదాద్ వీధిలో కనబడ్డ వాళ్లందరినీ పిలిచిన విందులు మొదలవుతాయి. ఈసారి నౌరూజ్ పండగ రైలు టిక్కెట్లు అమ్మకానికి పెట్టిన గంటలోనే అయిపోయాయి. తెల్లవారుజామునే లేచి ఫోను పట్టుకు కూచున్నందుకు ఆమెకొకటి దొరికింది. బుధవారం మధ్యాహ్నం మూడింటి బండి. కొండ చలి తనకు పడదని ఖోదాదాద్ ఇంట్లోనే ఉంటానన్నాడు. అది ఆమెకు రెండో అదృష్టం.

అందుకే శనివారానికల్లా ఆమె ఇంటి తెరలన్నీ కడిగేసింది. ఆమెకొక పద్ధతుంది. ముందు పొడి, తర్వాతే తడి. తెర కిటికీకి ఉండగానే రేకులు మూసి, మెత్తటి బ్రష్షుతో పైనుంచి కిందికి దులపాలి. తర్వాత తిప్పి రెండో వైపు. బూడిద పూర్తిగా రాలకముందే నీళ్లు తగిలాయో, కాటుక పూసినట్టు రేకంతా అలుక్కుపోతుంది. అప్పుడు దింపి, పెరట్లో పాత కంబళి మీద వాలుగా పరిచి, గోరువెచ్చని సబ్బునీళ్లలో కొంచెం వెనిగర్ కలిపి తడపాలి. వేణ్ణీళ్లు పనికిరావు, రంగు లేచిపోతుంది. పావుగంట ఆగాలి. ఈ పావుగంట ఆగలేని వాళ్లే ఆ తర్వాత రెండు గంటలు తోముతారు. చేతికి పాత సాక్సు తొడుక్కుని ఒక్కో రేకు పొడవునా తుడవాలి. తాళ్లకు పళ్లు తోముకునే బ్రష్షు. కడిగాక నీడలో, రేకులు తెరిచి ఆరబెట్టాలి.

అలా ఆరుతున్న తెరల ముందుకు రెండో అంతస్తు మెహ్రంగీజ్ ఖానమ్ దిగొచ్చింది. పెద్ద బడికి ప్రధానోపాధ్యాయురాలిగా చేసి రిటైరైంది. గంట మోగడం ఆగిపోయినా ఆవిడ మాత్రం ఆగలేదు.

"తూరాన్ జాన్, ఏం చేతులమ్మా అవి! ఇవి మీ పాత తెరలేనా? కొత్తవి కొని మా కళ్లల్లో దుమ్ము కొడుతున్నారా?"

"సబ్బునీళ్లు" అంది తూరాన్.

అక్కడితో ముగిసేది. కాని ఖోదాదాద్ మెట్ల మీద టీ తాగుతున్నాడు.

"మెహ్రంగీజ్ ఖానమ్, మీవి కూడా దింపించండి! మావిడ ఎడం చేత్తో కడిగేస్తుంది."

"అయ్యో, ఎంత మాట! ఆవిణ్ణి కష్టపెట్టడమా?"

"కష్టమేంటండీ, ఆవిడ ఆసుపత్రిలో రోజుకు వెయ్యి దుప్పట్లు ఉతికిన మనిషి. దింపించండి."

"వద్దండీ ఆగా ఖోదాదాద్‌గారూ, సిగ్గుగా ఉంటుంది."

"నా మీద ఒట్టు, దింపించకపోతే ఊరుకోను!"

తూరాన్ చేతిలో సాక్సు ఆగిపోయింది. ఒకసారి అంటే మర్యాద, రెండోసారి అంటే అలవాటు. మూడోసారి ఒట్టు కూడా వేశాక ఇక కాదనడం ఎదుటి మనిషిని అవమానించడమే. మెహ్రంగీజ్ ఖానమ్ అంత మర్యాద తక్కువ మనిషి కాదు.

"మీరింతగా అంటే ఇంకేం చెయ్యనూ" అని నిట్టూర్చి పైకి వెళ్లింది.

ఆదివారం పొద్దుటికి మెహ్రంగీజ్ ఇంటి నుంచి పదకొండు తెరలు దిగాయి. వాటిలో నాలుగు వాళ్ల అమ్మ ఇంటివి. మధ్యాహ్నానికి కింది అంతస్తు బోర్జూ తనవి ఏడు మోసుకొచ్చి, "ఆగా ఖోదాదాద్ ఒట్టేశారట కదా, నేను కాదంటే ఆయన నొచ్చుకుంటారు" అన్నాడు. పై అంతస్తు పళ్ల డాక్టరు మనిషైతే కనబడలేదు గాని, సాయంత్రానికి గుమ్మంలో నాలుగు తెరలు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాయి.

"ఇరవై రెండు" అంది తూరాన్. "ఎవరు కడుగుతారు?"

"ఏదో మాటవరసకన్నాను తూరాన్ జాన్! నిజంగా తెస్తారని ఎవరనుకున్నారు?"

"మూడుసార్లన్నావు."

"రెండోసారి దగ్గరే ఆవిడ ఒప్పుకునేటట్టుంది, అందుకని..."

"అందుకని మూడోది కూడా అన్నావు."

వెనక్కి పంపే దారి లేదు. పండగ ముందు ఒప్పుకున్న పనిని తిప్పి పంపితే ఆ గుమ్మం ఎవరూ తొక్కరు. అదొక్కటే అయితే తూరాన్ లెక్కచేసేది కాదు. ఆమె పేరు చెప్పి తీసుకున్న పని అది. ఆమె పేరుతో మురికి తెర ఏ కిటికీకీ వేలాడకూడదు. ఒక్కోదానికి గంటన్నర. సోమవారం వంచిన నడుం ఎత్తకుండా ఐదు పూర్తిచేసింది. ఆరోదాని దగ్గర నడుం తనంతట తానే లేవనంది.

అదే సమయానికి కోకబ్ ఫోన్ చేసింది.

"బట్టలు సర్దుకున్నావా?"

తూరాన్ ఫోను ఇంకో చెవికి మార్చుకుంది.

"ఓహో. ఈ ఏడు ఏమొచ్చింది? కిందటేడు తివాచీలన్నావు, అంతకుముందు నీ మొగుడి మేనత్త అన్నావు."

"తెరలక్కా. ఇరుగుపొరుగువి."

"నీకు పక్క వేశాను, తూరాన్. దుప్పటి ఎండలో పెట్టాను. రాకపోతే అది మడిచి పెట్టేస్తాను, మళ్లీ వెయ్యను. నాకూ డెబ్బై వస్తున్నాయి. పిలిచీ పిలిచీ నోరు నొప్పెట్టింది." ఫోను పెట్టేసింది.

కోకబ్ మూడుసార్లు అనే రకం కాదు. ఒక్కసారే అంటుంది.

మంగళవారం పొద్దున్న మెహ్రంగీజ్ ఖానమ్ పళ్లెం నిండా శనగపిండి మిఠాయి పట్టుకుని దిగింది. పసుపు పచ్చటి పట్టు జాకెట్టు వేసుకుంది, ఎక్కడికో బయల్దేరినట్టుంది.

"తూరాన్ జాన్, మిమ్మల్ని ఇలా చూస్తుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను. మీ కాలి ధూళినమ్మా నేను! నా వల్ల అయ్యే పనేదైనా ఉంటే ఆజ్ఞాపించండి."

మామూలుగా అయితే ఈ మాటకు జవాబు, "మీ నీడ మామీద ఉంటే చాలు." తూరాన్ నడుం పట్టుకుని నిలబడి, ఆవిడను కింది నుంచి పైదాకా చూసింది.

"ఉంది. ఆ స్టూలు లాక్కుని కూచోండి. ఇదిగో సాక్సు."

మెహ్రంగీజ్ నవ్వింది. తూరాన్ నవ్వలేదు.

"అయ్యో, నాకేం వచ్చమ్మా, పాడుచేస్తాను."

"వస్తుంది. కూచోండి."

"అది కాదు తూరాన్ జాన్, మీ పనితనం ముందు..."

"మీ అమ్మగారి మీద ఒట్టు, కూచోకపోతే ఊరుకోను."

మూడోది పడింది. మెహ్రంగీజ్ పట్టు జాకెట్టు వైపు ఒకసారి, స్టూలు వైపు ఒకసారి చూసుకుని, ఉరికంబం ఎక్కే మనిషిలా కూచుంది.

బోర్జూ రొట్టెలు కొనుక్కుని లోపలికొస్తూ, "అలసిపోకండి ఖానమ్, ఏ సేవైనా చెయ్యమంటారా?" అన్నాడు పాపం. ఆ మాట మనిషి దారిన పోతూ అనేది, మనసు దానివైపు చూడనైనా చూడదు. మూడు మాటల్లో రొట్టెలు గోడ మీదికెక్కాయి, బోర్జూ చేతికి బ్రష్షొచ్చింది. పళ్ల డాక్టరు మెట్ల మీంచి తొంగిచూసి, నోరు తెరవకుండానే వెనక్కి తిరిగాడు. తెలివైనవాడు.

ఇక ఖోదాదాద్.

"అబాదాన్‌లో నేను ఓడ తెరచాపల్ని..." అని మొదలెట్టాడు.

"ఒంటిచేత్తో ఉతికావు. తెలుసు. వంటింటి తెరలు నాలుగున్నాయి, అవి నీవి."

అతను కళ్లద్దాలు సర్దుకుని, గొట్టం తీసుకుని, దులపని తెర మీద కుళాయి పూర్తిగా తిప్పేశాడు. ఏడాది బూడిదంతా జిడ్డుతో కలిసి రేకుల మీదుగా జారి, తాళ్లలోకి దిగి, అతని తెల్లచొక్కా మీదికి చిమ్మింది.

"ముందు పొడి, తర్వాత తడి!" అని బడి గొంతుతో అరిచింది మెహ్రంగీజ్. గంట కిందటే నేర్చుకుంది మరి. "ఆగా ఖోదాదాద్, ఆ మాత్రం తెలీదూ?"

"మీరు రేకు వంచేస్తున్నారు" అంది తూరాన్ ఆవిడతో. "నోరు ఆపండి, చెయ్యి కదుల్తుంది."

ఆవిడ నోరు నిజంగానే ఆగింది. చెయ్యి నిజంగానే కదిలింది. మధ్యాహ్నానికి ఆ చేతికి ఒక ఊపొచ్చింది. తుడిచిన రేకును వెలుగులో పెట్టి తనే చూసుకుని, తనే తల ఊపుకుని, తర్వాతి రేకుకు వెళ్లింది. పట్టు జాకెట్టు సంగతి మర్చిపోయింది. బోర్జూ రెండుసార్లు దొంగతనంగా రొట్టె తింటూ దొరికిపోయాడు గాని దులపడంలో వంక పెట్టడానికి లేదు. సాయంత్రానికి ఇంకో పన్నెండు తెరలు అయ్యాయి. ఖోదాదాద్ తోమిన ఒక్క వంటింటి తెరను తూరాన్ మూడుసార్లు వెనక్కిచ్చింది.

బుధవారం పన్నెండు గంటలకు మిగిలిన ఐదు తెరల్లో మూడు ఆరిపోయి కిటికీలకు ఎక్కాయి. రెండు మిగిలాయి, రెండూ ఖోదాదాద్ చేతిలోవి. ఒకటి తడిగానే ఉంది. రెండోది ఆరింది గాని, ఆరాక బయటపడింది దాని బాగోతం. రేకుల నిండా నీటి చారలు, తాళ్ల మూలల్లో నల్లటి గీతలు.

తూరాన్ సంచి గుమ్మంలో ఉంది. ఆమె చెయ్యి సాక్సు మీదికి వెళ్లింది. అరగంట పని. అరగంటలో ఆ తెర అద్దంలా అవుతుంది. ఆమె సాక్సు తొడుక్కుంది, మొదటి రేకు పట్టుకుంది, తుడిచింది కూడా. చార పోయింది. ఇంకా ముప్ఫై తొమ్మిది రేకులు. ఈ తెర పూర్తయితే రెండోది ఆరుతుంది, దానికీ చారలే ఉంటాయి. దాని తర్వాత మెహ్రంగీజ్ ఇంట్లో వంకరగా బిగించినవి గుర్తొస్తాయి. ఇరవై ఆరేళ్లూ ఇలాగే గడిచాయి. ఒక రేకు, ఆ పక్కన ఇంకో రేకు.

"నేను పట్టుకుంటాను, నువ్వు కానియ్" అన్నాడు ఖోదాదాద్ ఆశగా. "నీ చెయ్యి పడితేనే..."

తూరాన్ సాక్సు తీసేసి అతని చేతికి తొడిగింది.

"ఇది నువ్వే చెయ్యి."

"మంచిగా రాదే నాకు!"

"రాదు. తెలుసు." తలగుడ్డ బిగించుకుంది. "అలాగే తగిలించు."

"నీ పేరు..."

"నాది కాదు. నువ్వు ఒట్టేశావు, నీ పేరు."

ఖోదాదాద్ మొదటిసారి కళ్లద్దాలు తీసి ఆమె వంక చూశాడు. ఏదో పెద్ద మాట అందామని నోరు తెరిచి, దొరక్క, "చలిగా ఉంటుంది, శాలువా పెట్టుకున్నావా?" అన్నాడు.

"పెట్టుకున్నాను."

టాక్సీ వచ్చేసరికి ఖోదాదాద్, బోర్జూ కలిసి చారల తెరను మెహ్రంగీజ్ వంటింటి వీధి వైపు కిటికీకి ఎక్కిస్తున్నారు. అది కుడివైపుకు ఒరిగింది. కింద నిలబడి మెహ్రంగీజ్ "పైకి! ఇంకా పైకి! నీ వైపు కాదు, ఆయన వైపు!" అని ఆజ్ఞలిస్తోంది. దారిన పోయే ఎవరితోనో ఖోదాదాద్ అప్పుడే కిటికీలోంచి, "ఇరవై రెండూ నేనే కడిగాను సోదరా, రెండు రోజుల్లో!" అంటున్నాడు.

తూరాన్ సంచి ఒళ్లో పెట్టుకుని కూచుంది, టాక్సీ కదిలింది. డ్రైవరు అద్దంలోంచి పైకి చూశాడు.

"ఖానమ్, మీ బిల్డింగులో ఆ తెర వంకరగా ఉంది. చారలు కూడా ఉన్నట్టున్నాయి. ఆపమంటారా, చెప్పి వస్తారా?"

తూరాన్ తల తిప్పలేదు. చేతులు సంచి పిడిని గట్టిగా పట్టుకున్నాయి.

"కనబడింది" అంది. "నువ్వు రోడ్డు చూడు నాయనా. మూడింటికి బండి."