నూగు కాల్చిన తాడు

బావులు తవ్వే మా జట్టులో ఆరుగురం. మేస్త్రీ మా నాయన. అడుగున బండలో మందు దట్టించి వత్తి ముట్టించేది మా బావ. పైన తాడు లాగేవాళ్ళలో ముందు నిలబడేది మా అక్క, ఆమె వెనక నేను. మొగుణ్ణి దించేటప్పుడూ తీసేటప్పుడూ ముందు తన చేతులే ఉండాలనేది. ఆ విషయంలో ఎవరి మాటా వినేది కాదు.

డెబ్బైల చివర, వరుసగా వానలు లేక, పుత్తూరు చుట్టుపక్కల రైతులంతా బావులు లోతు చేయించుకుంటున్న కాలం. నారతాళ్ళు ఊరికే తెగిపోతున్నాయని నేను మద్రాసు పోయి, హార్బరు దగ్గర పాత సామాన్ల అంగడిలో నైలాను తాడు తెచ్చాను. సముద్రంలో పడవల్ని కట్టి ఉంచడానికి వాడి తీసేసిన ముప్పేట తాడు, బొటనవేలంత లావు. పడవను నిలబెట్టింది మనిషిని నిలబెట్టదా అని మీసం మెలేశాను. నాయన తడిమి చూసి, "దీని గుణం మనకు తెలీదప్పా," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నేను ఎనిమిది దాకా చదివినవాణ్ణి, ఆయనకు సంతకం కూడా రాదు.

రెండు నెలలు తిరక్కముందే తాడు నిండా తెల్లని నూగు లేచింది. అరచేతులు ఒరుసుకుపోయేవి. నారతాడుకు నూగుంటే ఎండుగడ్డి మంట మీద ఆడించి కాల్చడం మా జట్టు అలవాటు. ఒకరోజు పొద్దున, మిగతావాళ్ళు రాకముందే, దీన్నీ అలాగే కాల్చాను. నూగు కరిగి తాడు నున్నగా మెరిసింది. బావ ఒక్కడే చూశాడు. "బాగుండాదే, బామ్మర్దీ," అన్నాడు. కరిగి గట్టిపడిన ఆ పొర కింద ఏముందో ఇక ఎవరికీ కనబడదని మా ఇద్దరికీ తట్టలేదు. నారతాడైతే తెగబోయే ముందు కిర్రుమంటుంది, పోగులు లేస్తాయి. దీనికి ఆ గుణం లేదు.

ఆ మధ్యాహ్నమే బావ కింద నాలుగు వత్తులు ముట్టించి, తాడు కొసకు కట్టిన పలక మీద కూర్చుని కేక వేశాడు. లాగాం. సగం దూరం వచ్చాక, గిలకకు కాస్త కిందగా, ఒక పేట టప్పున తెగింది. మిగతా రెండూ పురి విప్పుకుంటూ గిర్రున తిరిగాయి. వాటితోపాటు బావ కూడా తిరిగాడు. కింద వత్తులు కాలుతున్నాయి. నా చేతులు ఆగిపోయాయి.

"నిలపాకండి. గుంజాకండి. సమంగా రానీండి," అన్నాడు నాయన, గొంతు పెంచకుండా.

నిలిపితే కింద మందు పేలి రాళ్ళు లేస్తాయి. గుంజితే తాడు పోతుంది. అక్క మూరా మూరా కొలిచినట్టు లాగుతోంది. అంత భయం నేను మళ్ళీ ఎప్పుడూ పడలేదు. తెగిన చోటు గిలక మీదికి ఎక్కింది, దాటింది. బావ చెయ్యి ఒడ్డుకు అందగానే నాయన అతని రెక్క పట్టి ఈడ్చాడు. అందరం దూరంగా పరిగెత్తి బోర్లా పడుకున్నాం. బావి పేలింది.

దుమ్ము తగ్గాక నాయన గడ్డపార మొనతో మిగిలిన పేటలు విడదీశాడు. లోపలంతా సన్న ఇసుక, పిండైపోయిన పోగులు. ఉప్పునీళ్ళలో కొంత, మా బావి బురదలో కొంత, రోజూ సాగి సడలి, లోలోపలే ఒరుసుకుని అరిగిపోయింది.

అక్క ఆ మెరిసే పొర మీద వేలు పెట్టి రాసి చూసింది. ఏడవలేదు.

"దీన్ని ఎవురు కాల్చినారు?" అంది.

బావ నా వైపు చూడకుండా, "నేనే కాల్చినా," అన్నాడు.

అక్క అతని చెంప మీద కొట్టింది, నాయన ఎదుటే, జట్టంతా చూస్తుండగా. ఆ దెబ్బ నాది. నేను తాడు చుట్టే పనిలో పడ్డట్టు తల వంచుకున్నాను.

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు, ఏ చిన్న కోపం వచ్చినా, "నీ పానం మీదికి నువ్వే తెచ్చుకున్నోడివి," అని ఆమె బావను ఎత్తిపొడిచేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. నేను పక్కనే కూర్చుని అన్నం తినేవాణ్ణి.