ముప్పయ్యో తేదీ మధ్యాహ్నం

2011 సెప్టెంబర్. తెలంగాణ కోసం సమ్మె మొదలై బస్సులు నిలిచిపోయాయి. జనగామలో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే క్షయ చికిత్సా కేంద్రంలో నేను కంప్యూటర్ ఆపరేటర్‌ని. రోగులు నెలకోసారి వచ్చి మందులు తీసుకెళ్లినప్పుడు తేదీ, సమయం నమోదు చేసేదాన్ని.

అక్టోబర్ మొదట్లో డాక్టరమ్మ, "పోయిన నెల మందులకు రానివాళ్ల పేర్లు తియ్యమ్మా" అన్నారు. క్వెరీ రాశాను. క్వెరీ అంటే డేటాబేస్‌ను మనం అడిగే ప్రశ్న. అందులో 'బిట్వీన్' అని రెండు తేదీలిస్తే ఆ మధ్య నమోదులను వడగట్టి చూపిస్తుంది. ఒకటి నుంచి ముప్పై దాకా అడిగాను. అందులో కనపడనివాళ్లు తొమ్మిది మంది. ఆ జాబితా పట్టుకుని మా కార్యకర్త బండి మీద ఊళ్లకు వెళ్లాడు.

రెండు రోజులకు దేవరుప్పుల దగ్గరి తండా నుంచి, ఆ తొమ్మిది మందిలో ఒకరైన ద్వాలి వచ్చింది. కాళ్లనిండా దుమ్ము.

"నేను మందులు బంద్ జేసిన్నని ఎవరు రాసిన్రు? తండల అందరి ముంగట చెప్పిండు మీ సారు. రోగం అంటుతదని మా అత్త నా బిడ్డను నా తానికి రానిస్తలేదు."

"ఎప్పుడొచ్చినవక్కా?"

"మొన్న శుక్రారం. బస్సుల్లేకుంటే నడుసుకుంట వస్తి గద!"

కార్డు తీసి చూపించింది. సెప్టెంబర్ ముప్పై. కంప్యూటర్‌లో వెతికితే ఆమె నమోదు ఉంది, మధ్యాహ్నం పన్నెండుంబావుకి. అప్పుడర్థమైంది. సమయం చెప్పకుండా ముప్పై అని రాస్తే, ఆ రోజు మొదలయ్యే క్షణం దగ్గరే వడపోత ఆగిపోతుంది. ఆ రోజంతా వచ్చినవాళ్లు లెక్కలోకి రాలేదు. 'అక్టోబర్ ఒకటికి ముందు' అని మార్చి మళ్లీ అడిగాను. నాలుగు పేర్లే మిగిలాయి.

డాక్టరమ్మకు చెప్పి, కార్యకర్త బండి మీద ద్వాలిలాగే తప్పుగా పేరెక్కిన మిగతా నలుగురి ఇళ్లకూ వెళ్లి, ఆఖరున ద్వాలి ఇంటికి చేరాను. వాకిట్లో ఆమె అత్త మనవరాలి చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది.

"కంపూటర్ల తప్పు వస్తదా?" అని నిలదీసింది.

"కంపూటర్ది కాదవ్వా. నేనే తప్పడిగిన. నీ కోడలు ఒక్క గోలీ గూడ ఆపలే."

ముసలామె పిల్ల చెయ్యి వదిలింది.

ఇప్పటికీ రానివాళ్ల జాబితా తీయాల్సి వస్తే, ముందు ఆఖరి రోజు నమోదులను ఒక్కొక్కటీ కళ్లతో చదువుతాను. రాలేదని రాసే ముందు, వచ్చారేమోనని ఇంకొకసారి వెతకడమూ నా ఉద్యోగమే.