గట్టు తెంపిన పిన్ని

మా పక్కింటి పిన్ని వాన నీటిని “తల్లీ” అని పిలిచేది. మాకు నవ్వొచ్చేది.

అనకాపల్లిలో మా వీధి పక్కన ప్లాట్లు వేస్తూ వాన నీళ్లు పారే గెడ్డ పూడ్చేశారు. ఆ ఏడు తుఫానుకు నీళ్లు పోయే దారి లేక మా ఇంట్లోకి వచ్చేశాయి. మంచం పట్టిన మా అత్తను లేపలేక నేను ఏడుస్తున్నాను. పిన్ని పార పట్టుకెళ్లి, పల్లంలో ఉన్న తన వరిమడి గట్టు తెంపేసింది.

“ఇటు రాయే తల్లీ!”

“పిన్నీ, నిన్ననే కదా నాట్లేసేవు! అంతా కొట్టుకుపోతాది.”

“పోతే మళ్లీ ఏత్తాను. మీ అత్తని మళ్లీ ఏత్తావేటే?”

నీళ్లు మా గడప దిగి ఆమె మడిలోకి పోయాయి.

వాన వెలిశాక పిన్ని మళ్లీ నాట్లు వేసింది. గట్టు తెంపిన చోట మాత్రం మట్టి కప్పకుండా తూము పెట్టింది. ఎందుకు పిన్నీ అంటే, “మళ్లీ వత్తాది కదే. దానికీ ఓ దారుండాల,” అంది.